జంట ఊపిరి

తమ్ముడి గృహప్రవేశం నుంచి తిరిగొచ్చాక రెండు సన్నాయిలకీ నూనె పట్టించి, పాత పంచె ముక్కలో చుట్టి అటక మీద పెట్టేశాను. ఒకటి నాది, ఒకటి తమ్ముడు సూరిబాబుది. నాదైతే మళ్లీ దించక తప్పదు, ఎవరో ఒకరి మేళంలో రెండో సన్నాయిగా వెళితేనే నాకు పూట గడుస్తుంది. వాడిది మాత్రం ఇక దిగదు. నూనె పెట్టే ముందు అలవాటు కొద్దీ రెండింటినీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. నాదానికి నూనె, చెమట, పెళ్లిపందిళ్ల పొగ. వాడిదానికి ఉత్త చెక్క వాసన. ఇంటరు తప్పినవాణ్ణి, పెళ్లికీ పెళ్లికీ మధ్య దొరికిన ఖాళీల్లో పుస్తకాలు చదివి నాలుగు ముక్కలు రాయడం నేర్చుకున్నవాణ్ణి. ఇది రాయాల్సి వస్తుందని ముందే తెలిస్తే ఆ విద్య జోలికి పోయేవాణ్ణి కాదేమో.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఇంటిని మేళం వాళ్లిల్లు అనేవారు. నాన్నగారు సన్నాయి, బాబాయి డోలు, శ్రుతి పెట్టెకి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. మా ఇంట్లో తెల్లవారడమంటే అమ్మ పొయ్యిలో కొబ్బరి డొక్కలు రాజేయడం, ఆ పొగ వసారాలోకి రావడం, అందులోంచి నాన్నగారి దగ్గు వినపడడం. ఆ దగ్గు వినగానే నేనూ సూరీ లేచి పెరట్లోకి పోయి బొప్పాయి చెట్టు దగ్గర నిలబడేవాళ్లం. నాన్నగారు రెండు ఆకుల కాడలు కోసి, కొసలు చెక్కి, చెరొకటీ ఇచ్చేవారు. బొప్పాయి కాడ లోపల గొట్టంలా ఉంటుంది కదా. నిండా నీళ్లున్న ఒకే ఇత్తడి చెంబులో రెండు కాడలూ ముంచి ఊదాలి. నీళ్లలో బుడగలు రావాలి, ఆగకూడదు. నాకు ఊపిరి అయిపోయేలోగా వాడు అందుకోవాలి, వాడు ఊపిరి తీసుకునేలోగా నేను అందుకోవాలి. చెంబులో బుడగలు ఒక్కసారి ఆగితే మళ్లీ మొదటినుంచీ. కాడ చేదు నోట్లోకి దిగుతుంటే, పక్కింటి గేదె మమ్మల్ని ఎగాదిగా చూస్తుంటే, అమ్మ పిలిచేదాకా అదే పని.

చాలామంది సన్నాయి వాళ్లు బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, నోటితో ఊదుతూనే ముక్కుతో ఊపిరి పీల్చుకుంటారు. అది గొప్ప విద్యే. కానీ మా ఇంటి పద్ధతి అది కాదు. బుగ్గల గాలికి నాదం పలచబడుతుందని మా తాతగారి కాలం నుంచీ ఒక పట్టుదల. ఊదేదంతా పొట్టలోంచి రావాలి, ఒకడికి అయిపోతే రెండోవాడు అందుకోవాలి. వినేవాళ్లకి ఎక్కడ అతుకు పడిందో తెలియకూడదు. దాన్ని జంట ఊపిరి అనేవారు నాన్నగారు. మా ఇంట్లో ఎప్పుడూ ఇద్దరే, నాన్నగారూ పెదనాన్నగారూ, వాళ్ల ముందు తాతగారూ ఆయన తమ్ముడూ. పెదనాన్నగారు పోయాక, ముందు పళ్లు ఊడిపోయి నాన్నగారి పెదవికి పట్టు తప్పాక, మేం హైస్కూల్లో ఉండగానే ఆ జత మా ఇద్దరి మీదా పడింది. మా ఇద్దర్లో చెవి వాడిది. నేను వెంట్రుక వాసి జారినా వాడి కనుబొమ్మ లేచేది, పందిట్లో అందరి ముందూ. ఇంటికొచ్చాక కొట్టుకునేవాళ్లం. అయినా వాడి కనుబొమ్మ ఏనాడూ తప్పు కాలేదు.

ముహూర్తాల రోజుల్లో ఇల్లంతా ఒక హడావిడి. అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి నాన్నగారి పట్టు ఉత్తరీయం ఇస్త్రీ చేసేది. రెల్లు పీకలు, అంటే సన్నాయి కొసకి తగిలించి నోట్లో పెట్టుకునేవి, గోరువెచ్చని నీళ్లలో నానుతుండేవి. ఆ నానిన రెల్లు వాసన ఇప్పటికీ నాకు పండగ వాసన. రాత్రి పెరుగు లేదు, మిరియాల పాలే. ఆటోలో ఇరుక్కుని వెళ్లేవాళ్లం, డోలు బాబాయి ఒళ్లో. అంతవరకూ దర్జాయే. పెళ్లివారింటి గుమ్మం దగ్గర ఆ దర్జా దిగిపోయేది. మేళం వాళ్లకి వేరే అరుగు. భోజనాలు అన్ని బంతులూ అయ్యాక, పశువుల పాక వైపు వసారాలో, మిగిలినవాటితో. మోతుబర్లలో సంగీతం తెలిసినవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఎక్కువ. ఈ పాట అలా కాదనో, ఇంకా గట్టిగా ఊదమనో, రేడియోలో ఇంకోలా విన్నామనో ఏదో ఒకటి అనేవారు. నాన్నగారి నోట ఒకటే మాట వచ్చేది, ఆయ్. అలాగేనండి అన్నట్టు, ఏమన్నా ఆయ్. ఇంటికొస్తూ ఆటోలో మాకు చెప్పేవారు: "వాళ్లతో వాదన పెట్టుకోకండ్రా. తెలీనోళ్లకి చెప్పేం లాభం. ఆయ్ అనేసి మన పని మనం చేసుకోడమే." మా ఇంట్లో మాలో మేం మాత్రం ఆ మాట వాడేవాళ్లం కాదు. వాయిద్యం గురించైతే అసలు వాడేవాళ్లం కాదు, మొహం మీదే తిట్టుకునేవాళ్లం.

ఒక పెళ్లిలో అంతా మారిపోయింది. మేం తరతరాలుగా వాయిస్తున్న పెద్ద కామందు గారింట్లో పెళ్లి. మాలపల్లెలో పుట్టిన రత్నరాజు వచ్చాడు. రత్నరాజు వాళ్ల తాతగారు ఆ ఇంట్లోనే పాలేరు. అతని నాన్నగారు మిషను బడిలో చదువుకుని పంతులుగారయ్యారు. రత్నరాజు కంప్యూటర్లు చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. కామందు గారు స్వయంగా లేచి వెళ్లి అతన్ని భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, తన మనవడికి ఏ కోర్సు చదివిస్తే మంచిదో అడుగుతున్నారు. మొదటి బంతిలో ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్లు వేశారు. రత్నరాజు మీద నాకు ఇసుమంతైనా అసూయ లేదు. పంతులుగారి చదువుకీ అతని చదువుకీ అది చాలా చిన్న మర్యాద. కానీ ఆ పూట పాక పక్కన విస్తరి ముందు కూర్చుని నాన్నగారు అన్నం కలపలేదు. చేత్తో విస్తరి అంచు నిమురుతూ కూర్చున్నారు. ఆటోలో ఎక్కాక ఒక్కటే మాట అన్నారు. "సూరిగాణ్ణి కంప్యూటర్లు చదివిద్దాం."

సూరికి లెక్కలు బాగా వచ్చు. డిగ్రీ అమలాపురంలో అయిపోవస్తోంది. బస్టాండు దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. చెప్పులు బయట విడిచి, చల్లటి అద్దాల గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు వెళ్లాలి. వాడు అందులో చేరి, సాయంత్రం ఇంటికొచ్చి, ఏదో ప్రోగ్రాం రాస్తే తెర మీద అంకెలు వాటంతటవే వరసలో పడ్డాయని అమ్మకి చెప్పేవాడు. ఆ చెప్పడంలో వాడి మొహం వెలిగిపోయేది. ఎవరో బలవంతంగా తోశారని రాస్తే అబద్ధమవుతుంది. తర్వాత ఎంసీఏలో సీటొచ్చింది. ఫీజులు ఎలా కట్టామో చెప్పను, ఆ కథ మా కోనసీమలో ఇంటింటికీ ఒకటే. చేరబోయే ముందు కాలవ గట్టు మీద కూర్చున్నప్పుడు వాడు నన్ను అడిగాడు. "అన్నయ్యా, నువ్వొద్దంటే మానేస్తానురా. నేనెళ్తే నువ్వొక్కడివే అయిపోతావు." వాడికి కోపమొచ్చినా ప్రేమొచ్చినా నన్ను రా అనేవాడు. నేను వెళ్లమన్నాను. వాయించినంత కాలం మనిద్దరికీ ఆ పాక పక్కే విస్తరి అని చెప్పాను. ఆ మాట నిజం. ఈ రోజుకీ నిజమే. నా దుఃఖమల్లా అదే, తప్పు మాట చెప్పి ఉంటే కనీసం పశ్చాత్తాపమైనా మిగిలేది.

జత విడిపోతుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఇక్కడే మా అమాయకత్వం చెప్పాలి. నాన్నగారి లెక్క పంచాంగంలో ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, ఇవి పెళ్లిళ్ల నెలలు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మా మేళాల్లో పంతుళ్లున్నారు, తపాలా ఆఫీసులో పనిచేసేవాళ్లున్నారు, వాళ్లంతా సెలవు పెట్టుకుని ముహూర్తాలకి వచ్చి వాయించి పోయేవారు. ఉద్యోగమంటే మాకు తెలిసింది అదే. సూరికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చినప్పుడు, మా అందరి ముహూర్తాల సంపాదన కంటే ఎక్కువ ఒక్క నెలలో వాడికొస్తుందని విని అమ్మ వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాన్నగారు మాత్రం పంచాంగం తెరిచి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏయే రోజుల్లో రావాలో గీతలు పెట్టించారు. "మీ ఆఫీసరు గారికి ముందే చెప్పుకో. మూఢంలో ఎంత పనిచ్చినా కాదనకుండా చేస్తానని చెప్పు. ఆయనైతే మాత్రం ఇంట్లో పెళ్లిళ్లు చెయ్యలేదేంటి, అర్థం చేసుకుంటాడు" అన్నారు. బాబాయి తలూపాడు. నేనూ తలూపాను. సూరి కూడా నవ్వలేదు, అడుగుతానన్నాడు. కంపెనీలో ఎవరినైనా అలా అడగొచ్చో లేదో అప్పటికి వాడికీ తెలియదు.

వైశాఖంలో కొత్తపేటలో ఒక పెద్ద పెళ్లి ఒప్పుకున్నాం. జంట సన్నాయి విని, జతగానే కావాలని పిలిచినవాళ్లు. ముహూర్తం ముందురోజు సాయంత్రానికి సూరి రావాలి. బట్టలు, వాడి సన్నాయి, వాడికి నానబెట్టిన పీకలు అన్నీ సర్దేశాం. ఆ మధ్యాహ్నం ఎస్టీడీ బూతు నుంచి కబురొచ్చింది, ఫోను పట్టుకుని ఉన్నాడని. నేను పరిగెత్తాను. వాళ్ల పని అమెరికా వాళ్లకి అప్పజెప్పే రోజు ముందుకు జరిగిందట, గది దాటి ఎవరినీ పోనివ్వడం లేదట. "పెళ్లుందని చెప్పేనన్నయ్యా. ఎవరి పెళ్లన్నారు. మాది కాదు, మేం వాయించే పెళ్లని చెప్తే నవ్వేరు" అన్నాడు. రాజోలు, ఆలమూరు, ఎక్కడెక్కడో జతకి మనుషుల్ని వెతికించాం. వైశాఖంలో చేతిలో సన్నాయి ఉన్నవాడు ఎవడు ఖాళీగా ఉంటాడు.

సన్నాయికి నేనొక్కణ్ణే వెళ్లాను. బాబాయి డోలు, నాన్నగారు శ్రుతి పెట్టె. ఎదురుకోలు, గౌరీపూజ, అన్నీ ఎలాగో నెట్టుకొచ్చాను. చిన్న చిన్న పాటలు ఎత్తుకుని, చరణానికీ చరణానికీ మధ్య డోలు చేత కప్పించుకుంటూ. కానీ మంగళసూత్రం దగ్గర దాపరికం కుదరదు. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అనగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఎగసిపడాలి, మూడు ముళ్లూ పడేదాకా ఎక్కడా సందివ్వకూడదు. ఆ వేళ ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, కాని మాట అన్నా వధూవరుల చెవిన పడకూడదని కదా అసలు మేళం పెట్టేది. పొట్టలోంచి ఊదితే ఒక మనిషికి ఎంతసేపు ఊపిరి ఉంటుంది. రెండో ముడి పడుతుండగా నాది అయిపోయింది. అలవాటు కొద్దీ పక్కకి తిరిగాను, సూరి అందుకుంటాడని. పక్కన శ్రుతి పెట్టె ఊపుతూ పళ్లులేని నోటితో నాన్నగారున్నారు. సరిగ్గా అప్పుడే బాబాయి పుల్ల కూడా తడబడింది, నా సన్నాయి ఆగడం ఆయన ఎన్నడూ వినలేదు మరి. ఆ సందులో ఎవరో తుమ్మారు. పందిరంతా వినపడింది.

ఎవరూ ఒక్క మాట అనలేదు. గోదావరి వాళ్ల మర్యాద అలాంటిది, అది తిట్టుకంటే భారంగా ఉంటుంది. పెళ్లికూతురి తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ ఇంటి పెద్దాయన మా దగ్గరికొచ్చి, "భోంచేసి వెళ్లండి" అన్నాడు. నాన్నగారు ఆయ్ అన్నారు. మేం భోంచెయ్యకుండానే వచ్చేశాం. ఆ తర్వాత మాతో మాటనుకున్న పెళ్లిళ్ల వాళ్లు ఒక్కరొక్కరే వచ్చారు, ఈసారికి బ్యాండు చెప్పుకున్నామండి, ఏమీ అనుకోకండి అంటూ. వాళ్లకి అమ్మ మంచినీళ్లిచ్చింది. ఆ వైశాఖంతో మా ఇంటి మేళం ఆగిపోయింది. సూరి ఆదివారం ఫోన్ చేసి పెళ్లెలా జరిగిందని అడిగితే నాన్నగారే మాట్లాడారు. "బాగా జరిగిందిరా. అన్నయ్య ఇరగదీసేడు. నువ్వు మనసులో ఏం పెట్టుకోకుండా ఉద్యోగం చేసుకో" అన్నారు. బూతులోంచి బయటికొచ్చి, నాతో, వాడికి ఎప్పుడూ చెప్పకన్నారు. నేను చెప్పలేదు. తమ్ముడికి ఇప్పటికీ ఆ తుమ్ము సంగతి తెలియదు.

తర్వాతి రోజులు ఎవరు చూసినా మంచి రోజులే అంటారు. పెంకుటిల్లు పోయి శ్లాబు పడింది. అమ్మ కళ్లకి మంచి ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. నా కూతురి చదువు మొత్తం వాడే చూసుకున్నాడు, ఒక్కనాడు ఎత్తిచూపలేదు. అలాంటి తమ్ముడి మీద ఏమని కోపం తెచ్చుకోను? ఇంటి వెనక బొప్పాయి చెట్టున్న చోట బాత్రూము కట్టించాడు. నేను మాత్రం ఎవరెవరి మేళాల్లోనో చేరి, నడి వయసులో బుగ్గల గాలి నేర్చుకున్నాను, మా తాతగారు వింటే చెంప పగలగొట్టే విద్య. కామందు గారింట్లో మళ్లీ పెళ్లి జరిగినప్పుడు సూరికి శుభలేఖ పేరు పెట్టి వచ్చింది. వాడితో నాన్నగారూ నేనూ వెళ్లాం. కామందు గారు రండి రండి అని నాన్నగారికి కుర్చీ వేయించారు. ఎవరో కొత్త వాళ్లు వాయిస్తున్నారు. నాన్నగారు కుర్చీ అంచున, లేవబోతున్నట్టుగా కూర్చున్నారు. మొదటి బంతిలో విస్తరి వేశారు. ఆయన అప్పుడూ అన్నం కలపలేదు. నేను వంగి ఏమైందని అడిగితే, "కుర్చీ మెత్తగానే ఉందిరా. వాయించినింట్లో వినడం ఎలాగో తెలీటం లేదు" అన్నారు. ఏ కుర్చీ కోసం కొడుకుని పంపించారో ఆ కుర్చీలో ఆయన సుఖంగా కూర్చోలేకపోయారు. ఆ తర్వాత ఆయన ఎంతోకాలం బతకలేదు.

ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, సూరి హైదరాబాదులో పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. ఫోన్ చేసి, గృహప్రవేశానికి మేళం మనదేనన్నాడు. ఎవరినో పిలుస్తాననుకుంటున్నావేమో, మనిద్దరమే వాయిస్తున్నాం అన్నాడు. అటక మీంచి వాడి సన్నాయి దించి, బూజు దులిపి, పెరటి దోవలో ఎవరిదో బొప్పాయి చెట్టు కనపడితే నిలబడి చూశాను. వాడు అక్కడ ఎవరిదో సన్నాయి అడిగి తెచ్చుకుని రోజూ ప్రాక్టీస్ చేస్తున్నానన్నాడు. రైల్లో దారంతా ఒకటే ఆలోచన, ఎక్కడ నేను వదలాలి, ఎక్కడ వాడు అందుకుంటాడు. చిన్నపిల్లాడిలా ఆశపడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, కొత్తపేట పందిట్లో తిరిగిన ఆ పక్కకి మళ్లీ ఒక్కసారి తిరిగి చూస్తే వాడుంటాడని ఆశపడ్డాను.

పూజ అయ్యాక హాల్లో మా ఇద్దరికీ చాప వేశారు. వాడి ఆఫీసు వాళ్లంతా చుట్టూ నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నాన్నగారు మాకు మొదట నేర్పిన కీర్తనే ఎత్తుకున్నాం. నా ఊపిరి అయ్యే చోట వదిలాను. వాడు అందుకోలేదు. అందుకున్నప్పుడు స్వరం కిందికి జారింది, పైకి లాగుదామని నేను వెళితే వాడు ఇంకో దారిన పోయాడు. అతుకులు కాదు, గోతులు. ఒక్కో గోతిలో ఎయిర్ కండిషనర్ చప్పుడు వినపడుతోంది. నేను బుగ్గల గాలితో వాడి ఖాళీలు పూడుస్తూ పోయాను, మా తాతగారికి మనసులో క్షమాపణ చెప్పుకుంటూ. వాడి వైపు చూశాను, కనుబొమ్మ లేస్తుందేమోనని. నా తప్పుకి కాకపోయినా వాడి తప్పుకైనా. లేవలేదు. కళ్లు మూసుకుని, హాయిగా ఊదుతున్నాడు.

ఆపగానే హాలంతా చప్పట్లు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఒళ్లు పులకరించిందన్నాడు. అక్కడ అన్నిటికంటే దారుణం ఆ చప్పట్లు కాదు. తెలియనివాళ్లు తెలియక కొట్టారు, వాళ్ల తప్పేం లేదు. సూరి నుదుటి చెమట ఉత్తరీయంతో తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు. వాడి మొహం, తెర మీద అంకెలు వాటంతటవే వరసలో పడ్డాయని అమ్మకి చెప్పిన రోజున్నట్టే వెలిగిపోతోంది.

"చూసేవా అన్నయ్యా, ఏం తగ్గలేదు. చిన్నప్పటిలాగే వచ్చింది కదా" అన్నాడు.

వెంట్రుక వాసి జారితే పట్టుకున్న చెవి అది. ఆ చెవికి ఏమీ వినపడలేదు. నేను వాడి చెయ్యి నా భుజం మీద అలాగే ఉండనిచ్చి, నాన్నగారు చెప్పినట్టే, "ఆయ్" అన్నాను.